అమ్మకాలు పెరిగితే నగదు ఎందుకు కరువవుతుంది?

గత యూనిట్‌లో లాభనష్టాల ఖాతా ఎలా తయారు చేయాలో చదివారు. ఆ ఖాతాలో లాభం కనిపిస్తున్నా గల్లాపెట్టె ఖాళీగా ఉండవచ్చు. కొత్తగా సంస్థ పెట్టినవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఈ తేడాయే. నాయకత్వం, ఎదుగుదల, కష్టకాలాన్ని తట్టుకోవడం అనే మూడింటినీ పాఠ్యపుస్తకాల్లో వేర్వేరు అధ్యాయాలుగా చెబుతారు. నేను మాత్రం ఇక్కడ వాటిని నగదు లెక్క నుంచే మొదలుపెడతాను.

కొన్నేళ్ల క్రితం ఒక ఆదివారం సంపర్క తరగతి ముగిశాక ఒక విద్యార్థిని ఆగింది. పాఠంలో సందేహం అనుకున్నాను. "సార్, నా వ్యాపారం రెండున్నర రెట్లు పెరిగింది. ఈ నెల ఆడవాళ్లకు జీతాలివ్వడానికి డబ్బు లేదు" అంది. ఆమె తమ ఊళ్లో చిరుధాన్యాల బిస్కెట్లు తయారుచేసే చిన్న యూనిట్ నడుపుతోంది. అప్పటికే గాజులు తాకట్టులో ఉన్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో తెలియక, తనకు వ్యాపారం చేతకాదనే నిర్ణయానికి వచ్చేసింది. ఆమె చేతకానితనం అందులో ఏమీ లేదు. మీరే చూడండి. అంకెలను లెక్కకు వీలుగా సర్దాను.

మొదట ఆమె నెలకు 4 లక్షల రూపాయల సరుకు చుట్టుపక్కల దుకాణాలకు నగదుకే అమ్మేది. ఖర్చు 3 లక్షల 20 వేలు, మిగులు 80 వేలు. అప్పుడు ఒక పెద్ద దుకాణాల సంస్థ నెలకు 6 లక్షల సరుకు కావాలంది. ఆ అదనపు సరుకుకు ఖర్చు 5 లక్షలు, లాభం లక్ష. షరతు ఒక్కటే: నెలాఖరున బిల్లు వేస్తే, డబ్బు 60 రోజుల తర్వాత వస్తుంది. ఎవరైనా ఒప్పుకునే బేరమే అనిపిస్తుంది.

ఇప్పుడు నగదును నెలవారీగా వేయండి. మొదటి నెల పిండి, బెల్లం, నెయ్యి, ప్యాకింగ్, కూలీ కలిపి 5 లక్షలు బయటికి పోయాయి. రెండో నెల మరో 5 లక్షలు, మూడో నెల ఇంకో 5 లక్షలు. మొదటి బిల్లు తాలూకు 6 లక్షలు మూడో నెలాఖరుకు వస్తాయి. అవి చేతికందే ముందు రోజుకు 15 లక్షలు ఖర్చయిపోయాయి. పాత అమ్మకాల మిగులు మూడు నెలలకు 2 లక్షల 40 వేలు కలుపుకున్నా 12 లక్షల 60 వేలు ఎక్కడి నుంచో తేవాలి. అదే సమయంలో లాభనష్టాల ఖాతా కొత్త ఆర్డరుపై 3 లక్షల లాభం చూపిస్తుంది! పైగా జీఎస్టీ బిల్లు ప్రకారం కట్టాలి గానీ డబ్బు వచ్చేదాకా ఆగదు. దాన్ని ఈ లెక్కలో కలపనే లేదు.

కొనుగోలుదారు ఇంకో నెల ఆలస్యం చేస్తే ఖర్చు 20 లక్షలకు చేరుతుంది. అంటే ఆర్డరు పెద్దదయ్యే కొద్దీ, వసూలు ఆలస్యమయ్యే కొద్దీ గుంత లోతవుతుంది. ఈ మధ్యకాలాన్ని నడిపించే డబ్బునే నిర్వహణ మూలధనం అంటారు. బ్యాంకులో వర్కింగ్ క్యాపిటల్ అని అడగండి.

అన్ని వ్యాపారాలూ ఇలా ఉండవు. 2006లో బెంగళూరులో ఫణీంద్ర సామ తన మిత్రులతో కలిసి ప్రారంభించిన రెడ్‌బస్‌ను తీసుకోండి. దీపావళికి బస్సు టికెట్ దొరక్క ఆలోచన పుట్టిన కథ అందరూ చెబుతారు. నేను విద్యార్థులకు చూపించేది వేరే విషయం: ప్రయాణికుడు బస్సు ఎక్కకముందే డబ్బు కడతాడు. అటువంటి చోట ఎదుగుదల నగదును ఇంత ఘోరంగా మింగదు. తయారీలో, అరువు మీద అమ్మే వ్యాపారంలో మింగుతుంది. మీది ఏ రకమో ముందు తేల్చుకోండి. మరొకరి విజయగాథను అనుకరించడం తర్వాత.

ఆమెతో కూర్చుని మేము చూసిన మొదటి మార్గం ఆర్డరులో సగమే ఒప్పుకోవడం. అప్పుడు 15 లక్షలు ఏడున్నరకు దిగుతాయి. పాత మిగులు పోను 5 లక్షల 10 వేలు చాలు. పెద్ద ఆర్డరు వద్దనడం స్థాపకులకు అన్నిటికన్నా కష్టమని నా అనుభవం. బంధువుల ముందు చిన్నతనంగా ఉంటుంది మరి. రెండోది, ముడిసరుకు దుకాణంలో నెల రోజుల అరువు అడగడం. 5 లక్షల ఖర్చులో ముడిసరుకు 3 లక్షలైతే, మొత్తం ఆర్డరు తీసుకున్నా 15 లక్షలు 12 అవుతాయి.

మూడోది చట్టం. దీన్ని కొంచెం నిదానంగా చదవండి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సరుకు కొన్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి గడువు పెట్టుకోకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా ఇవ్వాలి. అంటే ఆమె సంతకం పెట్టిన 60 రోజుల షరతే చట్టానికి విరుద్ధం. పైగా 2024-25 మదింపు సంవత్సరం నుంచి, ఇలా గడువు దాటించిన బకాయిని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే కొనుగోలుదారు తన ఖర్చుగా చూపించుకోగలడు. ఈ రక్షణ కోసం ముందుగానే ఉద్యమ్ నమోదు చేయించుకుని ఉండాలి. ఫిర్యాదుకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. ఫిర్యాదు చేస్తే ఆర్డరు పోతుందన్న భయం నిజమైనదే, దాన్ని కాదనను. అందుకే ఒప్పందం రాసేటప్పుడే 45 రోజులు అని రాయించుకోవడం మేలు. తర్వాత పోట్లాడడం కన్నా అది తేలిక.

ఇక జీతాల సంగతి. ఆమె దగ్గర పనిచేసే ఆరుగురికీ విషయం చెప్పలేదు. పిండి మిల్లులో బాకీ పడ్డారని వాళ్లు బయట విన్నారు. అప్పటికి ఇద్దరు వేరే పని వెతుక్కుంటున్నారు. జీతం ఆలస్యమవడం కన్నా, దాచారన్నదే వాళ్లను బాధపెట్టింది. జీతాల రోజుకు ముందే కూర్చోబెట్టి, ఎంత రావాలి, ఏ తేదీన వస్తుంది, తన వాటా మొదట ఆపుకుంటున్నాను అని చెప్పమన్నాను. చెప్పింది. నలుగురు సగం జీతం తీసుకుని ఆగారు, ఇద్దరు వెళ్లిపోయారు. వెళ్లినవారిని తప్పుపట్టలేం, వాళ్ల ఇంట్లోనూ నెలసరి లెక్కలుంటాయి.

తట్టుకునే శక్తిని మనోధైర్యంగానే చెప్పడం నాకు నచ్చదు. దాన్ని నెలల్లో కొలవవచ్చు. చేతిలో ఉన్న నగదును, నెలకు రాబడి పోగా పడే లోటుతో భాగించండి. 3 లక్షలున్నాయి, నెలకు లోటు 75 వేలు అనుకుంటే నాలుగు నెలలు. ఈ అంకెను ప్రతి సోమవారం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఇంటి ఖాతా, వ్యాపార ఖాతా ఒకటే అయితే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. ఆ విద్యార్థిని మొదట విడదీసింది ఆ రెండు ఖాతాలనే. గాజులు ఏడాదిన్నరకు విడిపించుకుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి: పై ఉదాహరణలో కొనుగోలుదారు 30 రోజుల్లో చెల్లిస్తానని ఒప్పుకున్నాడు, కానీ ఆర్డరును నెలకు 9 లక్షలకు పెంచాడు, దానికి ఖర్చు 7 లక్షల 50 వేలు. మొదటి వసూలుకు ముందు రోజున, పాత అమ్మకాల మిగులు కలుపుకుని, ఆమెకు ఎంత నగదు తక్కువవుతుంది? మీరైతే ఈ ఆర్డరు తీసుకుంటారా? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.