చచ్చిన జీవాన్నీ డాక్టరుకు చూపించండి

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్లలో వానలు పడి పచ్చిక లేచిందంటే పశువుల ఆసుపత్రికి జీవాల రాక ఎక్కువవుతుంది. డాక్టరు మొదట అడిగేది 'ఏం మేసింది?' అని. కాపరి చెప్పేది 'రోజూ మేసేదే సార్' అని. రాత్రి చచ్చిన రెండింటి మాట మాత్రం చాలామంది ఎత్తరు. వాటిని అప్పటికే పూడ్చిపెట్టి ఉంటారు, లేదా కోసి పంచుకుని ఉంటారు. నిజానికి మిగతా మందను కాపాడగలిగిన రోగి ఆ చచ్చిందే.

చిటుకు రోగమే తీసుకోండి. చిటికె వేసేలోగా జీవం పోతుంది కాబట్టే ఆ పేరంటారు. ఎండాకాలమంతా ఎండుగడ్డి, తుమ్మకాయలతో నెట్టుకొచ్చిన మంద కొత్త పచ్చిక మీద పడి ఆబగా మేస్తుంది. మామూలుగా పేగుల్లో కొద్దిగా ఉండే క్లాస్ట్రిడియం సూక్ష్మజీవి ఆ అదనులో విపరీతంగా పెరిగి విషం విడుస్తుంది. మందలో బాగా మేసేది, బాగా బలిసింది ముందు పోతుంది. సాయంత్రం గెంతులేసిన పొట్టేలు పిల్ల తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. దిష్టి తగిలిందనుకుంటారు. ఏపుగా ఉన్నదే పోతుంటే ఆ అనుమానం రావడంలో వింతేమీ లేదు.

పడ్డదానికి వైద్యం చేసే వ్యవధి దాదాపుగా ఉండదు. అందుకే చచ్చినదాన్ని నీడన ఉంచి, రెండు మూడు గంటల్లో డాక్టరుకు చూపించాలి. కోసి చూస్తే మూత్రపిండాలు మెత్తగా గుజ్జులా, గుండె చుట్టూ నీరు చేరి కనిపిస్తాయి. ఆలస్యమైతే ఏ రోగంతో పోయినా మూత్రపిండాలు మెత్తబడతాయి, అప్పుడు చూసీ లాభం లేదు. పేగు ముక్కను రెండు కొసలా ముడివేసి, ఐసులో పెట్టి ప్రయోగశాలకు పంపుతారు. చిటుకేనని తేలితే మందను ఆ పచ్చిక మీద నుంచి తప్పించి ఎండుమేతకు మార్చాలి, టీకా వేయించాలి. టీకా పనిచేయడానికి రెండు వారాలదాకా పడుతుంది కనుక ఈలోపు మేత తగ్గించడమే దిక్కు. అసలైతే ఏటా వానలకు ముందే వేయించుకోవాలి. మొదటిసారి వేయించేవాళ్లు రెండు మూడు వారాలకు రెండో మోతాదు మరిచిపోకూడదు.

ఒక్క జాగ్రత్త. చచ్చినదాని ముక్కులోంచి, మలద్వారంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే అది దొమ్మ రోగం కావచ్చు. కోయవద్దు, తోలు తీయవద్దు, కదిలించనూ వద్దు. డాక్టరునే అక్కడికి పిలవండి. ఆయన చెవి దగ్గర రక్తపు చుక్క తీసి పరీక్షిస్తారు. ఆరడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఈ రోగం కోసినవాళ్లకూ తగులుకుంటుంది. దాని బీజాలు మట్టిలో పదుల ఏళ్లు బతికుంటాయి.

ఇక బతికుండగానే వచ్చే రోగుల్లో డాక్టర్లు మరిచిపోలేనిది నాము తగిలిన పశువు. వానలేక వాడిన లేత జొన్న, కోశాక మళ్లీ వేసిన పిలకల్లో హైడ్రోసైనిక్ ఆమ్లం పుట్టే పదార్థం ఎక్కువ. ఆ విషం ఎక్కిన పశువు ఒంట్లో రక్తం ఉంటుంది, అందులో ప్రాణవాయువూ ఉంటుంది, శరీరం మాత్రం దాన్ని వాడుకోలేదు. అందుకే రక్తం మరీ ఎర్రగా కనిపిస్తుంది. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరంలోకి ఎక్కిస్తే, చచ్చిపోయిందనుకున్న గేదె కాసేపట్లో లేచి నిలబడిన సందర్భాలుంటాయి. ఆలస్యమైతే నిమిషాల్లో పోతుంది. ఇక్కడ చిక్కేమిటంటే, పశువు పడింది పక్కవాళ్ల చేలో. ఆ సంగతి చెప్పడానికి మొహమాటం. తగువు తర్వాత తీర్చుకోవచ్చు, డాక్టరుకు మీ మొదటి మాట 'జొన్న మేసింది' అన్నదే కావాలి. పెళ్లింట మిగిలిన అన్నం తిని పొట్ట ఉబ్బినదాని విషయమూ ఇంతే.

ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోన్ చేయండి. 2022 నుంచి రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాలు నడుస్తున్నాయి. మందలో ఎన్ని జీవాలున్నాయి, ఎన్ని పోయాయి, ఎప్పటినుంచి, ఏ పొలంలో మేశాయి, ఏ టీకా ఎప్పుడు వేయించారు, నాటుమందు ఏమైనా పోశారా, ఇవన్నీ ఫోన్‌లోనే చెప్పండి. చచ్చినది ఉంటే, దాన్ని నీడన ఉంచామని కూడా.