మొదటి కెమెరా కొనేముందు

ఓడలరేవులో వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట సెల్‌ఫోనుతో తీసిన ఫోటోలు చూపించి, "అన్నయ్యా, మంచి కెమెరా ఏది కొనమంటారు?" అని తమ్ముళ్లు అడుగుతున్నారు.

ముందుగా, అప్పు చేసి కొత్తది కొనొద్దు. మెగాపిక్సెళ్ల మోజూ వద్దు. 12 ఉన్నా 12×18 అంగుళాల ఫోటో చక్కగా వస్తుంది. కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు మళ్లాయి కాబట్టి వాడిన డి.ఎస్.ఎల్.ఆర్.లు చవకగా దొరుకుతున్నాయి. మిగిలిన డబ్బు 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 లెన్సుకు పెట్టండి. తెల్లవారుజామున పడవల దగ్గరా, హాస్టల్ గదిలో ట్యూబులైటు కిందా కూడా అది పనికొస్తుంది. ఒక్క మెలిక ఉంది. నికాన్ డి3500 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఎ.ఎఫ్-డి లెన్సు తగిలిస్తే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. అలాంటి బాడీకి ఎ.ఎఫ్-ఎస్ లెన్సు తీసుకోండి.

పాతది కొనేటప్పుడు షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. లెన్సును వెలుతురుకు ఎత్తి చూడండి. లోపల సాలెగూడులా కనిపిస్తే బూజు పట్టినట్టే. మన కోనసీమ తేమకు అది ఇంకా పెరుగుతుంది, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. రింగు తిప్పితే కరకరమంటోందా? ఇసుక దూరిందేమో అని అనుమానించాలి.

కొన్నాక సముద్రపు ఒడ్డున లెన్సు మార్చకండి. గదికి రాగానే, తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ మీది ఉప్పు తుడవండి. బాగా ఆరాక, గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచండి.