గ్రావెల్ వెంట చరిత్ర తరలిపోరాదు

కొడవలూరు: రహదారి నిర్మాణానికి తొలుత కావలసింది గ్రావెల్. ఆదిమానవుని రాతి పనిముట్లు తరచూ లభించేదీ ఎర్రని గ్రావెల్ పొరల్లోనే. చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారి సాగే కొడవలూరు వంటి ప్రాంతాల్లో పనులకు ముందే పురావస్తు పరిశీలన అవసరమనడానికి కారణమిదే.

గుంతలో దొరికిన ఆధారం: దేశంలో ప్రాచీన శిలాయుగాన్ని వెలుగులోకి తెచ్చింది కూడా గ్రావెల్ గుంతే. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో అటువంటి గుంత వద్ద రాతి పనిముట్టును గుర్తించారు. అదే ఏడాది అత్తిరంపాక్కంలోనూ పనిముట్లు లభించాయి. వాటిలో అత్యంత పురాతనమైనవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని శాస్త్రవేత్తలు 2011లో ప్రకటించారు.

పరిశీలన ఇలా: మొదట నేలపై నడుస్తూ రాళ్లను గమనించి పటంలో గుర్తిస్తారు. అనంతరం చిన్న కందకాలు తవ్వి పొరలవారీగా వివరాలు నమోదు చేస్తారు. పనిముట్టు ఏ పొరలో ఉన్నదన్నదే దాని వయసుకు ఆధారం. పొక్లెయిన్ ఒక్కసారి కదిపితే రాయి మిగిలినా ఆ ఆధారం మిగలదు.

చట్టం పరిధి: 2010లో సవరించిన చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఇంకా గుర్తించని స్థలాలకు ఈ రక్షణ లేదు. సాగర్ జలాశయంలో మునిగే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి శిలాయుగపు ఆనవాళ్లను సైతం భద్రపరిచారు. రహదారులకూ అదే బాట అనుసరణీయం.

చెక్కినట్లున్న రాళ్లు కనిపిస్తే రైతులు, కూలీలు వాటిని కదపకుండా రెవెన్యూ లేదా పురావస్తు శాఖ అధికారులకు తెలియజేయడం మేలు.