పునరావాస వృత్తుల్లో ఉపాధికి నమోదు తప్పనిసరి

దివ్యాంగుల సేవను జీవనవృత్తిగా ఎంచుకోదలచిన యువతకు పునరావాస రంగం గౌరవప్రదమైన ఉపాధి మార్గం. అయితే సేవాభావం ఒక్కటే చాలదు. గుర్తింపు పొందిన శిక్షణ, నమోదు తప్పనిసరి.

భారత పునరావాస మండలి చట్టం-1992 ప్రకారం ప్రత్యేక ఉపాధ్యాయులు, వాక్-శ్రవణ నిపుణులు తదితరులు గుర్తింపు పొందిన కోర్సు పూర్తిచేసి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదు లేకుండా వృత్తి నిర్వహించిన వారికి ఏడాది వరకు జైలు లేదా రూ.1,000 వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలుంది. శిక్షణ లేని వారి చేతుల్లో పడితే బిడ్డ ఎదుగుదలకు కీలకమైన తొలి సంవత్సరాలు తిరిగి రానివిగా మిగిలిపోతాయి.

1995 చట్టంలో 7గా ఉన్న వైకల్యాలు 2016 చట్టంతో 21కి పెరిగాయి. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన లోపాలు వీటిలో చేరాయి. సుప్రీంకోర్టు 2021 నాటి తీర్పు దరిమిలా, ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ప్రాథమికోన్నత స్థాయిలో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని కేంద్రం 2022లో నిర్దేశించింది. తత్ఫలితంగా శిక్షితుల అవసరం మరింత పెరిగింది.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ మేధో వైకల్య రంగంలో శిక్షణనిస్తోంది. అభ్యర్థులు కోర్సులో చేరే ముందు, సంస్థలు నియామకాల సమయంలో మండలి గుర్తింపును సరిచూసుకోవడం అవసరం.