గలగలమనే బంతి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఏ బడి మైదానంలో చూసినా క్రికెట్టే. చూపులేని పిల్లవాడు మాత్రం గట్టున కూర్చుని స్కోరు వినవలసిందేనా? అక్కరలేదు.

అంధుల క్రికెట్‌లో బంతి గట్టి ప్లాస్టిక్‌ది. లోపల చిన్న లోహపు గుండ్లుంటాయి, కదిలితే గలగలమంటుంది. బౌలరు "రెడీ?" అని అడగాలి. బ్యాట్స్‌మన్ "యస్" అన్నాక "ప్లే" అంటూ, చేయి పైకెత్తకుండా బంతిని కిందనుంచి వదలాలి. పిచ్ సగం దాటకముందే అది నేలను తాకాలి. ఆ చప్పుడు ఎటు నుంచి, ఎంత వేగంగా వస్తోందో చెవితో పట్టడమే సాధన అంతా. అప్పుడు చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ఆటకు అడ్డే సుమా!

పదకొండుగురిలో కనీసం నలుగురు పూర్తి అంధులుండాలి. వారు కొట్టిన ఒక్కో పరుగుకు రెండేసి లెక్క. జాలితో వేసిన పరుగులు కావవి. కాస్త చూపున్నవారితోనే జట్టు నిండిపోకుండా పెట్టుకున్న కట్టుబాటు.

గుంటూరు ప్రాంతపు ఇల్లూరి అజయ్‌కుమార్ రెడ్డి కొద్దిపాటి చూపుతోనే 2017, 2022లలో భారత్‌కు టి-20 ప్రపంచకప్ సాధించిన కెప్టెన్. 2023 సంవత్సరానికి అర్జున అవార్డు అందుకున్నారు. 2025 నవంబరులో కొలంబోలో నేపాల్‌ను ఓడించి అంధ మహిళల తొలి టి-20 ప్రపంచకప్ గెలిచిన జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణకుమారి ఉంది.

మైదానాలు ఇక్కడా ఉన్నాయి. బడి ఆటసామాను పెట్టెలో ఆ బంతి ఒక్కటి చేరవలసి ఉంది.