తెల్లబోయిన చిత్రాలకు చికిత్స

బందరు నుండి గుడివాడ మీదుగా కైకలూరు చేరి, ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులను, కొంగలను ఫొటోలు తీసే విద్యార్థులు తరచు ఒకే సందేహంతో మా వద్దకు వస్తుంటారు. చిత్రంలో పక్షి ఆకారం ఉంది, ఈకలు మాత్రం లేవు. అంతా సున్నం పూసినట్లు తెల్లని ముద్ద. దీనిని కంప్యూటరు బాగు చేయగలదా? తెలుగు పాఠాలు చెప్పే మాకు ఈ విచారణ దేనికని కొందరు నవ్వవచ్చు. కావ్యాలలో హంసను వెదకేవారు కొల్లేటి కొంగను చూడవద్దా?

ముందు కారణం తెలియాలి. కెమెరాలోని కాంతిమాపకం ఎదుటి దృశ్యాన్ని సగటున నడిమి బూడిదరంగుగా చూపే ప్రయత్నం చేస్తుంది. చుట్టూ నల్లని నీరు పరచుకొని నడుమ తెల్లకొంగ చిన్నదిగా నిలిచినప్పుడు, ఆ యంత్రం నీటి చీకటికి జాలిపడి వెలుగును అధికంగా రానిస్తుంది. ఆ దయకు కొంగ బలి అవుతుంది. సెన్సారులోని ప్రతి బిందువుకూ ఒక పరిమితి కలదు; నిండిన కుండలో పోసిన నీటి వలె, అంతకు మించిన వెలుగు లెక్కకు రాదు.

ఇక చికిత్స. సాధారణ జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే. ‘రా’ పద్ధతిలో 14 బిట్ల లెక్కన భద్రపరిస్తే 16,384 మెట్లు లభిస్తాయి. జేపెగ్‌గా మార్చేటప్పుడు పోయే వెలుగు వివరాలు రా ఫైలులో కొంత మిగిలి ఉంటాయి. లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోజరును తగ్గించి, ‘హైలైట్స్’ను క్రిందికి దించితే ఈకల గీతలు మెల్లగా తేలుతాయి. ఉచితంగా లభించే డార్క్‌టేబుల్‌లోనూ ఇందుకు తగిన సాధనం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలో ఒకటైనా నిండకుండా మిగిలితే, దాని ఆధారంతో తక్కినవాటిని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. మూడూ నిండితే మాత్రం ఎంత దించినా తెలుపు బూడిదగా మారుతుందే గాని ఈక రాదు.

ఇంతవరకు అందం సంగతి. దివిసీమ మడ అడవులలో ఇది సాక్ష్యం సంగతి. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో బావురుపిల్లి నివసిస్తుంది. రాత్రి సంచరించే ఈ జంతువును చెట్లకు కట్టిన కెమెరా ట్రాప్‌లతో చిత్రించి, మేని మచ్చల అమరికను బట్టి ఒక్కొక్క పిల్లినీ వేరుగా గుర్తిస్తారు. అది మరీ చేరువకు వస్తే ఫ్లాష్ వెలుగుకు మచ్చలు చెరిగిపోతాయి. ఈ కెమెరాలు సాధారణంగా జేపెగ్‌నే ఇస్తాయి గనుక తిరిగి రాబట్టే అవకాశం స్వల్పం. నేటి కృత్రిమ మేధ అడిగిన వెంటనే చక్కని మచ్చలు అల్లి ఇస్తుంది. ఆ మచ్చలు ఏ పిల్లివీ కావు! అట్టి చిత్రాన్ని లెక్కలో చేరిస్తే, అడవిలో లేని పిల్లి ఒకటి కాగితం మీద పుడుతుంది. గుర్తింపునకు పనికిరాదని వ్రాసి దానిని పక్కన పెట్టడమే ఉచితమని మా అభిప్రాయం.

కొల్లేటికి వెళ్లే విద్యార్థులు మాత్రం కెమెరాను రా పద్ధతిలో ఉంచి, ఎక్స్‌పోజరును ముందుగానే ఒక స్టాప్ తగ్గించుకొని, హిస్టోగ్రాం కుడి అంచుకు ఒరుసుకొనకుండా చూచుకోవాలి. అప్పుడు నీరు మరికాస్త నల్లబడుతుంది. ఆ నీడలను తరువాత కంప్యూటరులో పైకి తెచ్చుకోవచ్చు. కొంచెం గరుకుదనం వస్తుంది, అంతే.