తల తిరుగుడుకు రంది గూడ ఒక కారణమే

పోయినేడు ఎండాకాలం. పట్నంల రూముల కూసొని పరీక్షకు చదువుకుంటున్న. ఒక్కసారే కాళ్ల కింద నేల కదిలినట్టయింది. కండ్లు తిరిగినయ్, చేతులు తిమ్మిరెక్కినయ్, గుండె దడదడ కొట్టుకుంది. పది నిమిషాలకు తగ్గింది గానీ, ఆ రోజు సంది తలల మబ్బు పట్టినట్టే ఉండేది. చదివిన పేజీ మళ్ల చదివినా ఎక్కకపోయేది. దోస్తు పక్కనే మాట్లాడుతున్నా యాడనో దూరంకెల్లి వినిపించినట్టుండేది.

ఊరికి పోతే అమ్మ దిష్టి తీసింది. ఆర్ఎంపీ డాక్టర్ నీరసమని గ్లూకోజ్ ఎక్కించిండు. తర్వాత రక్త పరీక్షలు, చెవి పరీక్ష, ఆఖరికి తలకు స్కానింగ్. నాయిన రెండు మేకలు అమ్మిండు. రిపోర్టులన్నీ నార్మల్. సంబురపడాల్సింది పోయి నాకు ఇంకింత బుగులైంది. ఏ మిషన్‌కూ దొరకని రోగమా ఇది?

సర్కారు దవాఖానల ఒక డాక్టరమ్మ ఆ రిపోర్టులన్నీ చూసి పక్కకు పెట్టింది. "నిద్ర పడుతుందా? మనసుల ఏమన్నా రంది ఉన్నదా?" అని అడిగింది. అప్పటిదాంక ఎవ్వరూ అడగని మాట అది. ఇంటి అప్పు, చెల్లె పెండ్లి, రెండేండ్ల సంది రాని కొలువు... చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిన.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్త. పాము కనిపిస్తే గుండె జోరందుకుంటది, ఊపిరి ఉరుకుతది. అది పానం కాపాడుకునేటందుకు ఒళ్లు చేసే పని. పాము పోతే ఒళ్లు నిమ్మలమైతది. రంది మాత్రం ఎటూ పోదు. అందుకే మనకు తెల్వకుంటనే ఊపిరి జల్ది జల్ది తీస్తుంటం. దాంతోని రక్తంల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతది, మెదడుకు పోయే రక్తనాళాలు ముడుచుకుంటయ్. తల తిరుగుడు, వేళ్లల్ల, మూతి చుట్టూ తిమ్మిరి అందుకే. మనసు ముప్పు యాడుందో ఎతుకుడు మీదనే ఉంటది గనుక చదువు ఎక్కదు. నిద్ర లేకుంటే మబ్బు ఇంకింత పెరుగుతది. తల తిరిగిందని భయం, ఆ భయానికి మళ్ల తల తిరుగుడు.

అంటే ఇది నటన కాదు, ఉత్త భ్రమ కాదు. తల నిజంగనే తిరుగుతది.

అట్లని తల తిరిగినోళ్లందరిదీ రందే అనుకోవద్దు. రక్తం తక్కువున్నా, షుగర్ పడిపోయినా, బీపీ, థైరాయిడ్ తేడా ఉన్నా, లోపలి చెవి దెబ్బతిన్నా, ఎండల నీళ్లు తాగకపోయినా అట్లనే అయితది. ముందుగాల ఒకసారి డాక్టర్‌కు చూపెట్టుకోవాలె. స్పృహ తప్పినా, ఛాతిల నొప్పి లేసినా, మూతి వంకర పోయినా, మాట తడబడ్డా, ఒక పక్క చెయ్యి కాలు గుంజినా ఆగకుండ 108కు ఫోన్ చెయ్యాలె.

నాకు పనిచేసినవి చిన్నవే. ఊపిరి మెల్లగ తీసి, ఇంకింత మెల్లగ ఇడుసుడు. రాత్రి చాయ్ బంద్ చేసుడు. యాళ్లకు పండుడు. నెలకు రెండుసార్లు కౌన్సెలింగ్. పూర్తిగ పోయిందని చెప్ప, గానీ ఇప్పుడు తల తిరిగితే బుగులు పడుతలేను.

దవాఖానకు పోను సిగ్గయితే 14416కు ఫోన్ చెయ్యుండ్రి. అది 2022 అక్టోబర్‌ల సర్కారు మొదలువెట్టిన టెలీమానస్. పైసలు పడయ్, రాత్రి పగలు తెలుగుల మాట్లాడుతరు.

రంది మనిషిని తింటదని మన ఊర్ల ముసలోళ్లకు ఎప్పటి సందో ఎరుకే. మనమే దాన్ని బయటికి చెప్పుడు నామోషీ అనుకుంటున్నం. నేను ఆ మాట నాయినకు మొదలే చెప్పుంటే, ఆ మేకలు ఇంకా కొట్టంల ఉండేవేమో.